లొకేషన్‌లో లేని బడి

పిట్టలవానిపాలెం దాటాక కాలువ అవతల ఓ ట్రస్టు బడి ఉంది. ఇరవై ఎనిమిది మంది పిల్లలకి రమణి ఒక్కతే టీచరు. తెనాలిలోని ట్రస్టు ఆఫీసు వాళ్లు పోయినేడు టీచర్ల హాజరుకి ఫోన్‌లో యాప్ పెట్టారు. బడి దగ్గర ఉంటేనే అది హాజరు తీసుకుంటుంది. బడి ఎక్కడుందో అందులో ఎక్కించడానికి వచ్చిన మనిషి ఎండకి జడిసి, వంతెన దగ్గర సోడా కొట్టులో కూర్చుని, అక్కడే ఫోన్ నొక్కి చక్కా పోయాడు. ఆ మహానుభావుడి పుణ్యమా అని బడి అర కిలోమీటరు జరిగి సోడా కొట్టులో పడింది.

ఏడాదిపాటు రమణి పొద్దున్నే వంతెన దగ్గర ఆగి, హాజరు వేసుకుని బడికి వచ్చేది. ఈ ఏడాది నుంచి రోజుకి మూడుసార్లు వెయ్యాలన్నారు. మొదటి రోజే మధ్యాహ్నం పిల్లలకి లెక్కలిచ్చి వంతెనకి పరిగెత్తింది. తిరిగొస్తుంటే ఒకటో తరగతి సంజన కాలువ రేవులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"మీకోసం వచ్చాను టీచర్" అంది.

రమణి నీళ్లలోకి దిగింది. పిల్లని చంకనేసుకుని బడిదాకా ఏడుస్తూనే నడిచింది. ఆ రోజుతో యాప్ ముట్టుకోవడం మానేసింది.

తప్పు దిద్దమని రెండుసార్లు రాసింది. సిస్టంలో ఉన్నదే ఫైనల్ అని జవాబొచ్చింది. నెల తిరిగేసరికి నోటీసు. ఇరవై నాలుగు రోజులు గైర్హాజరట, ఉద్యోగంలో ఉంచాలో వద్దో విచారణట.

"ఒక్క సారీ చెప్పేస్తే పోదా?" అన్నాడు భర్త నాగార్జున.

"ఎవరికి చెప్పమంటారు, ఫోన్‌కా?" అంది.

విచారణ రోజు పదింటికి బడికి రావాల్సిన ట్రస్టు పర్యవేక్షకుడు పురుషోత్తం, పది దాటాక ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా ఇది? లొకేషన్ పెట్టుకుని వచ్చాను. ఇక్కడ సోడా కొట్టు తప్ప బడి లేదు."

"బడి ఉన్నచోటే ఉందండి. నేను అందులోనే ఉన్నాను."

"సరే, మీరోసారి వంతెన దగ్గరికి రండి."

 ఈ ఉద్యోగం పోతే బాపట్లలో ఇంకోటి అంత తేలిగ్గా దొరకదని రమణికి తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు.

"రానండి. పిల్లల్ని వదిలి రాను. కట్ట మీద నడిచి మీరే రండి. కారు రాదు."

వచ్చాడు. చెప్పుల నిండా బంకమట్టి. గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకున్నాడు. 'మీరు బడికి దూరంగా ఉన్నారు' అని ఎర్రటి అక్షరాలు. ఫోన్ జేబులో పెట్టేసి మంచినీళ్లు అడిగాడు.

రమణి నీళ్లిచ్చి, రిజిస్టరు ముందుకి జరిపింది.

"సంతకం పెట్టండి సార్. పదింటికి వస్తానన్నారు, పదీ నలభై అయింది. అదే రాయండి. ఈ నలభై నిమిషాలూ ఎక్కడున్నారని మిమ్మల్ని అడిగితే నేను సాక్ష్యం చెప్తాను. నాకు వీళ్లు చెప్తారు."

పిల్లలు ఎక్కాలు ఆపి ఆయనకేసి చూశారు. పురుషోత్తం పదీ నలభై అని రాశాడు. స్థలం అన్నచోట కాసేపు ఆగి, బడి అని రాశాడు.