ఆరో వాషరు

మొదటి గొట్టం మీద పడ్డ నీటిచుక్క చుయ్యిమని ఎగిరిపోయింది. రెండో దాని మీదా అంతే, మూడో దాని మీదా అంతే. జమాల్ సాబ్ చెంబులో వేళ్లు మళ్లీ తడుపుకొని నాలుగో గొట్టం మీద విదిలించాడు. చుక్క అక్కడే నిలబడి, కాసేపటికి మెల్లగా కిందికి జారింది.

చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోపే ఇలా చూడాలి. ఆలస్యమైతే పొగ గొట్టాలన్నీ ఒకే వేడికి వస్తాయి. నాలుగో సిలిండరు మండడం లేదని ఇప్పుడు తేలిపోయింది. ట్యాంకరు వణుకుతూ, ప్రతి ఆరు దెబ్బలకూ ఒకటి మింగుతూ నిలబడి ఉంది.

"ఆపప్పా," అన్నాడు. కొత్త డ్రైవరు నరేంద్ర బండి ఆపి కిందికి దిగాడు.

గుమ్మఘట్ట రోడ్డు పక్కన ఆ రేకుల షెడ్డులో జమాల్ సాబ్ ముప్పై ఒక్క ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి, నల్లగానే మిగిలిపోయింది. కళ్లజోడుకు ఒక కొమ్మ బదులు దారం ఉంటుంది. బండి ఎవరిదైనా, డీజిలు చిమ్మే నాజిళ్ల కింద నుంచి విప్పిన పాత రాగి వాషర్లను ఒక తీగకు గుచ్చి గోడమేకుకు వేలాడదీస్తాడు. విప్పినవి లెక్కపెట్టకుండా కొత్తవి పెట్టకూడదనేది పని నేర్పిన ఉస్తాదు చెప్పిన మాట.

ఈ నీళ్ల ట్యాంకరు హనుమంతప్పది. చీనీ తోటలకు నీళ్లు తోలుతుంది. రెండు వారాల కిందట ఆయన ఇంకా పెద్ద ట్యాంకు ఎక్కించాడు. మిట్ట ఎక్కడానికి బండికి బలం చాలలేదు. జమాల్ సాబ్ ఆరు నాజిళ్లూ తీసి పెద్ద బెజ్జాలవి వేసి, పంపు పెంచి ఇచ్చాడు. రెండు రోజులు బండి బాగానే లాగింది. తరువాత కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నాలుగు రోజుల కిందట దాన్ని ఇక్కడికే తెచ్చారు. జమాల్ సాబ్ స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు, పిడి చెవికి ఆనించి విన్నాడు. పొగ వాసన చూశాడు. టీ తాగుతున్న నలుగురూ వింటుండగా, "డీజిల్లో కల్తీ ఉండాది," అన్నాడు.

ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ పదకొండేళ్లుగా ఆ బండిలో డీజిలు పోసేది డ్రైవరు కొండప్పే. హనుమంతప్ప అతని వైపు చూశాడు. కొండప్ప చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టాడు.

"సాబ్, ఒక్కసారి నాజిళ్లు విప్పి చూడరాదా," అని మాత్రం అడిగాడు.

"నేను వేసినవి విప్పే పనిలేదప్పా," అన్నాడు జమాల్ సాబ్.

ఆ తరువాత ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు మార్చి, కొత్త డీజిలు పోశారు. అయినా బండి ఈ ఉదయం మళ్లీ కొట్టుకుంటూనే వచ్చింది.

జమాల్ సాబ్ ఇప్పుడు నాలుగో నాజిలు బయటికి లాగి, ఆ గుంతలోకి టార్చి వేశాడు. అడుగున, కొత్త వాషరు కింద, మసిపట్టిన పాతది ఇంకొకటి అంటుకొని ఉంది. పాతది తీయకుండానే తను కొత్తది పెట్టాడు. నాజిలు వెంట్రుకవాసి పైకి లేచి కూర్చుంది. డీజిలు చిమ్మవలసిన చోట చిమ్మడం లేదు.

తల ఎత్తి మేకు వైపు చూశాడు. ఆ రోజు గుచ్చిన తీగలో ఆరుకు బదులు ఐదే వాషర్లు. పదిహేను రోజులుగా కళ్ల ముందే వేలాడుతున్నాయి.

"ఏమి సాబ్, దొరికిందా?"

పాత వాషరును పైకి లాగి గుప్పిట్లో మూశాడు. "ఆఁ. నాజిలు సరిగా కూర్చోలేదు."

నరేంద్ర నవ్వాడు. "ఆ కొండప్ప పోసిన దానికి నాజిలూ మొరాయించినట్టుండాది. పదకొండేండ్లంట. ఎన్ని క్యాన్లు మింగినాడో పెద్దమనిషి."

జమాల్ సాబ్ నాజిలు బిగించాడు. ఇంజన్ ఈసారి ఒక్క దెబ్బా తప్పలేదు. ఆ సాఫీ చప్పుడు వినడం అతనికి కష్టంగా ఉంది. బండి కదలబోతుండగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది చూడు." గుప్పిట తెరిచాడు. "పాతది తియ్యకుండా కొత్తది పెట్టినాను. తప్పు నాది. కొండప్పది కాదు. హనుమంతప్పకు చెప్పు."

నరేంద్ర నవ్వు ఆగిపోయింది. "నేనెట్ల చెప్పేది సాబ్? నాకిప్పుడే దొరికింది ఈ పని. నువ్వే చెప్పుకో."

జమాల్ సాబ్ తనే ఫోన్ చేసి చెప్పాడు. హనుమంతప్ప, "పోనీలే సాబ్, బండి బాగైంది గదా. కొత్తాయన్ని పెట్టుకుంటిమే, ఇప్పుడేం చేసేది," అన్నాడు.

జమాల్ సాబ్ చేతులు కూడా కడుక్కోకుండా మోపెడ్ తీశాడు. కొండప్ప ఇల్లు మూడు కిలోమీటర్ల దూరంలోని పల్లెలో ఉంది. దారి పొడవునా చేలు ఎండి, ఎర్రటి దుమ్ము గాలికి లేస్తోంది. గడప ముందు కొండప్ప భార్య గంగక్క వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"రా సాబ్, కూర్చో. ఆయన పొద్దన్నే పోయినాడు."

"యాడికి?"

"బెంగళూరికి. ఏదో కట్టడం కాడ కావలి పనంట. డ్రైవరు పనికి ఎవురూ పిలవలే. నీ మాట విన్యాక ఎవురు పిలుస్తారు?" కోపంగా అనలేదు. జరిగింది చెప్పినట్టే చెప్పింది. "నాలుగు దినాలు ఈడనే కూర్చున్యాడు. బండి విప్పితే తెలుస్తాదిలే, జమాల్ సాబ్ దాపెట్టే మనిషి కాదు అనె."

అతను నిలబడే ఉన్నాడు. "ఈ పొద్దు విప్పినానమ్మా. తప్పు నాది."

ఆమె చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి. "ఆ మాట ఆయనకు చెప్పు."

"ఫోన్ కలుపు."

"ఫోను నాకే ఇచ్చి పోయినాడు. ఆడ చేరినాక ఎవురి ఫోన్నుంచన్నా చేస్తానన్యాడు."

జమాల్ సాబ్ తల దించుకోబోయి దండెం వైపు చూశాడు. పాత పంచె ముక్క నాలుగు మడతలుగా ఆరేసి ఉంది. అతనికి ఆ గుడ్డ తెలుసు. క్యానుతో డీజిలు పోసేటప్పుడల్లా నలక పడకుండా కొండప్ప గరాటు మీద పరిచేవాడు.

"పోతాపోతా ఉతికి ఆరేసినాడు," అంది గంగక్క. "ఇంగ పని లేదు గదా దాంతో."

గుడ్డ ఎప్పుడో ఆరిపోయింది. నడిమధ్యన గరాటు మూతి అంత గుండ్రటి పసుపుపచ్చ డీజిలు మరక మాత్రం ఉతికినా పోలేదు.