కేరియర్ మీది సీటు

సోములు పానా తీసి నట్టు మీద పెట్టాడో లేదో, నరసింగరావు మేష్టరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

“దాని జోలికి పోవద్దన్నానా?”

“మరి మూటెక్కడ కడతాను మేస్టారూ, నా నెత్తి మీదా?” అన్నాడు సోములు. “పరుపంటారు, స్టవ్వంటారు, బియ్యమంటారు. కేరియర్ మీద సీటు మాత్రం తియ్యొద్దంటారు. ఇది సైకిలండీ బాబూ, ఎడ్లబండి కాదు.”

శృంగవరపుకోట బజారులో అది సోములు సైకిలు షాపు. ఆ సీటు చేసింది కూడా అతనే. చెక్క మీద కొబ్బరిపీచు దట్టించి, పైన నల్లటి రెక్సిను కుట్టి, పాదాలు ఆనించుకోవడానికి కింద ఇనప పట్టీ బిగించాడు. మేష్టరుగారి భార్య తాయారుకు బస్సు పడేది కాదు. స్టాండులో నిలబడితేనే కడుపులో తిప్పేది. అందుకని ఎక్కడికి వెళ్లినా ఆమె ప్రయాణం ఆ సీటు మీదే. సర్దుకుని కూర్చున్నాక మేష్టరు వీపు మీద వేళ్లతో ఒకసారి తట్టేది. అప్పుడుగాని ఆయన పెడలు తొక్కేవాడు కాదు.

సైకిలు మీద కళింగపట్నం దాకా వెళ్లి, వంశధార సముద్రంలో కలిసేచోటు చూడాలని ఆమె కోరిక. “దారి పొడుగునా మనకి సుట్టాలే సత్రాలు. టైర్లలో గాలికి తప్ప పైసా అక్కర్నేదు” అనేది. ఆమె లెక్కలో దారంటే ఊళ్లు కావు, మనుషులు. మొదటి రాత్రి గంట్యాడ దగ్గర కన్నవారిల్లు, తరవాత చీపురుపల్లిలో తెలిసినవారు, ఆపైన శ్రీకాకుళంలో పినతల్లి. ఏటా వేసవి వచ్చేది, ఏదో ఒకటి అడ్డం పడేది. అరవై ఎనిమిదో సంవత్సరం, మొన్నటి మాఘమాసంలో ఆమెకు జ్వరం వచ్చింది. మళ్లీ లేవలేదు.

ఈ వేసవి మరి దాటనివ్వకూడదని నరసింగరావు పట్టుబట్టాడు. బడి తెరిచేలోగా వెళ్లి రావాలి. సీటుతోనే వెళ్లాలి. సీటెందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఎదుటివాళ్లకది మొండితనంలా కనిపించింది.

అంతలో తోటి మేష్టరు జగన్నాధం చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

“చీపురుపల్లి మా అన్నయ్య దగ్గర్నుంచి కబురొచ్చిందండీ. మీరొస్తే సంతోషమేనట. కాకపోతే మా వదిన…”

“ఊఁ, మీ వదిన?”

“మీరింకా నిద్ర చెయ్యలేదు కదా అని.”

చావు జరిగిన ఇంటి మనిషి ముందు దగ్గర చుట్టాల ఇంట ఒక రాత్రి పడుకుని లేవాలి. ఆ నిద్ర అయ్యేదాకా మరొకరి గడపలో పడుకోకూడదు. అత్తగారు అసిరమ్మ రెండుసార్లు మనిషిని పంపింది. పరీక్షలని ఒకసారి, పేపర్లు దిద్దాలని ఒకసారి తప్పించుకున్నాడు. ఆ ఒక్క తలుపూ తట్టనందుకు దారిలో మిగతా తలుపులన్నీ ముందే మూసుకున్నాయి, ఇప్పుడు చీపురుపల్లిదీ మూసుకుంది. హోటలు గదులకు బడిపంతులు జీతం చాలదు. అందుకే ఈ పరుపు, ఈ స్టవ్వు.

“పోనీ, మూట సాలూరు లారీవాళ్లకి అప్పజెప్పండి. శ్రీకాకుళంలో దించేస్తారు” అన్నాడు జగన్నాధం.

“అందాకా నన్ను దేనిమీద పడుకోమంటారు? లారీ చక్రాల కిందా?”

జగన్నాధం నొచ్చుకుని బల్ల మీద కూర్చున్నాడు. అంత మాట అనకుండా ఉండవలసింది. కాని ఆ పూట నరసింగరావుకు ఏ సలహా విన్నా ఒళ్లు మండుతోంది. తనే మూట ఎత్తి హేండిలుకు అడ్డంగా కట్టాడు. బియ్యం సంచీ ఒక పక్క, స్టవ్వు ఒక పక్క వేలాడదీశాడు. ఎక్కి తొక్కితే మోకాళ్లు మూటకు కొట్టుకున్నాయి, హేండిలు తిరగనంది. బస్సు స్టాండు మలుపులో సైకిలు ఒక వైపు, ఆయన ఒక వైపు పడ్డారు. సంచీ పిగిలి బియ్యం రోడ్డు పాలైంది. ఎక్కడున్నాయో కోళ్లు, పరుగెత్తుకుంటూ వచ్చాయి.

“కోళ్లకి సంతర్పణ సేసీనారు!” అంటూ సోములు వచ్చి సైకిలు లేవనెత్తాడు. “ఆ సీటు పది నిమసాల్లో ఇప్పీసి దాస్తాను మేస్టారూ. తిరిగొచ్చినాక బిగించీస్తాను.”

“వద్దు.”

“ఎందుకొద్దో సెప్పండి పోనీ.”

నరసింగరావు సైకిలు అందుకున్నాడు. మోచెయ్యి దోక్కుపోయి మండుతోంది. సైకిలు నడిపించుకుంటూ షాపు దగ్గరికి వచ్చేసరికి, తలుపు చెక్క వెనక తెల్ల చీర అంచు కనిపించింది. అసిరమ్మ.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆవిడ అల్లుడి ఎదుట కూర్చోలేదు, నేరుగా మాట్లాడలేదు. ఏమన్నా తలుపు చాటునుంచే, మూడో మనిషితోనే. ఈసారి మనిషిని పంపకుండా తనే బస్సెక్కి వచ్చింది.

“సోములూ, మా అల్లుడిగోరు ఎక్కడికో ఎల్తన్నారంట. నిద్రకి రమ్మంటే కాళ్లు రానేదు గానీ, సముద్రానికైతే సక్రాలొచ్చినాయంట.”

“ఆయనిక్కడే ఉన్నారమ్మా, మీరే అడగండి.”

“నువ్వడుగు.”

“పరీక్షలయ్యాక వస్తానని చెప్పి పంపాను కదా” అన్నాడు నరసింగరావు, ఆయనా సోములు వైపే చూస్తూ.

“పరీచ్చలై నెల దాటినాదని సెప్పు.”

మధ్యలో సోములు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. జగన్నాధం తల వంచుకున్నాడు. ఇన్నాళ్లూ ఎవరితోనూ అననిది నరసింగరావు నోట వచ్చేసింది.

“ఒక రాత్రి పడుకుని లేచేస్తే అంతా అయిపోయినట్టేనా, అడుగు సోములూ.”

సోములు అడగలేదు. అడగక్కర్లేదన్నట్టు తలుపు వెనకనుంచే జవాబొచ్చింది.

“ఆ ఇంట్లో నాను రోజూ తొంగుంటన్నాను” అంది అసిరమ్మ. “రోజూ లెగుస్తన్నాను. నాకేటైపోయినాది?”

 ఆవిడ బయటికి వచ్చింది. సీటు దగ్గర నిలబడి, రెక్సిను మీది రోడ్డు దుమ్ము కొంగుతో తుడిచింది. ఒక చోట కుట్టు ఊడి పీచు కనిపిస్తుంటే వేలితో లోపలికి నొక్కింది. తరవాత అల్లుడి వైపు వీపు పెట్టి, పక్కకు తిరిగి సీటు మీద కూర్చుంది.

“మూట ఇలాగియ్యి సోములూ, ఒళ్లో ఎట్టుకుంటాను. మా ఊరి దాకా మోస్తాను. అక్కడ పడీసి పొమ్మను. నిద్ర సేసినోడికి పరుపెందుకు, స్టవ్వెందుకు?”

“అంత దూరం మీరు కూర్చోలేరు” అన్నాడు నరసింగరావు. సోములుతో కాదు, ఆవిడతోనే.

“నా కూతురు కూకునేది కాదా?”

ఆయనకు ఇంకా చాలా అనాలని ఉంది. తను చేసుకున్న ఏర్పాటు ఇది కాదు. ఎండ ముదురుతోంది, బరువు ఎక్కువ, గంట్యాడ చేరేసరికి సాయంత్రమవుతుంది. మిగిలిన దారిలో ఎవరింట ఎప్పుడు దిగాలో మళ్లీ మొదటినుంచీ ఆలోచించుకోవాలి. అయినా సోములు స్టవ్వు కూడా మూటలో దూర్చి ఆవిడ ఒళ్లో పెట్టి, వెనక పట్టుకుంటే ఎక్కాడు. ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద పెట్టి అలవాటు కొద్దీ అలాగే ఆగిపోయాడు.

“ఏటి సూస్తన్నావు బాబూ?” అంది అసిరమ్మ వెనకనుంచి. “తొక్కు.”

తొక్కాడు. సైకిలు రెండుసార్లు అటూ ఇటూ ఊగి నిలదొక్కుకుంది. మూటలోని స్టవ్వు కొన వీపుకు గుచ్చుకుంటోంది. మూట కాస్త వెనక్కి జరపమందామనుకున్నాడు. శృంగవరపుకోట దాటి చాలా దూరం పోయినా ఆ మాట అనలేదు.