అన్నా అన్నాడు

ప్రిన్సిపాల్‌గారు సెలవులిచ్చారని పిల్లలు మురిశారు గానీ, ఆయన సెలవిచ్చింది ‘హాస్టల్ మూసేస్తున్నాం, మూటాముల్లె సర్దుకుని ఇళ్ళకు దయచేయండి’ అని. అలా దయచేసినవాళ్ళలో మనవాడొకడు. కాలేజీలో వీణ్ణి ‘లీడర్’ అంటారు. అక్కడ వీడు చెయ్యెత్తితే క్యాంటీన్ బల్లలన్నీ దరువందుకునేవి. ఇంట్లో చెయ్యెత్తితే, ‘ఎలాగూ ఎత్తావు, అటకమీది డబ్బా అందుకో’ అంటారు. లీడర్‌గారు చివరికి లీటరు పాలు తేవడానికి మిగిలారు.

మెత్తటి పరుపు, వేడినీళ్ళు, అడక్కుండా ఉతికిన చొక్కాలు. మొదట్లో బాగానే ఉంది. ఆ మోజు తీరాక అసలు జబ్బు మొదలైంది. స్నానాల గది ముందు వరస లేదు, తలుపు బాదేవాడు లేడు. గురక పెట్టే రూమ్మేటు లేక నిద్ర పట్టడం లేదు. కాజేసే దిక్కులేక సబ్బు ఒళ్ళు చేసి కూర్చుంది.

అంతలో ఆ రూమ్మేటే ఫోను చేశాడు. “రేయ్ లీడరూ, హాస్టల్ తెరిచారు. క్లాసులింకా లేవు. ఆదివారం అందరం దిగుతున్నాం. నువ్వు లేకపోతే తిట్టుకోడానికి మనిషే లేడురా.”

వెళ్ళాలి. వెళ్ళాలంటే అమ్మకు చెప్పాలి. ఏ నోటితో చెప్తాడు? ‘మెస్సంటే మేసేవాళ్ళకేనే అమ్మా, మనుషులకు కాదు’ అని ఏడాది పొడుగునా ఫోన్లో ఏడ్చింది ఈ నోరే కదా. ఇప్పుడు అక్కడికే ముందుగా పోతానంటే ఆవిడ మనసు చివుక్కుమనదూ?

అమ్మ దర్జీ. హాల్లో సోఫాకీ గోడకీ మధ్య ఇరుకులో మిషను వేసుకుని కుడుతుంటే, మోచెయ్యి మాటిమాటికీ గోడకు తగులుతోంది. మనవాడది చూశాడు గానీ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, మాట ఎలా ఎత్తాలా అని ఆలోచిస్తూ, కంచం మీద చెంచాతో టంగున కొట్టి, “అన్నా, ఇంకో గరిటె” అన్నాడు.

గరిటె పట్టుకుని నిలబడ్డది అమ్మ.

“ఏమన్నావు?”

“ఏమీ అన్లేదే.”

“అన్నావు. ‘అన్నా’ అన్నావు.”

“అన్నం అనబోయి అలా అన్నా.”

“చూశావా, మళ్ళీ అన్నావు.”

“నన్ను పిలవబోయి ముందున్న ‘నా’ మింగేశాడేమోలేవే, ఆకలి మీదున్నాడు,” అన్నాడు నాన్న. ఆయన కళ్ళజోళ్ళ వ్యాపారి. దగ్గరచూపు, దూరపుచూపు తప్ప మరే గొడవలోనూ తలదూర్చడు.

“మెస్సులో వడ్డించేవాణ్ణి అలా పిలుస్తాం అమ్మా. అలవాటైపోయింది.”

“పిలవగానే వేస్తాడా?”

“తిట్టి వేస్తాడు. వాడు తిట్టకపోతే ముద్ద దిగదు,” అంటుంటే వాడి మొహం వెలిగిపోయింది. ఇక దాచి లాభం లేదు. “హాస్టల్ తెరిచారమ్మా. ఆదివారం వెళ్తాను.”

అమ్మ గరిటె గిన్నెలో పెట్టి చేతులు తుడుచుకుంది. ఏడుస్తుందని మనవాడు ఓదార్పు మాటలు నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాడు.

“శనివారం కుదరదా?” అంది అమ్మ.

“అదేంటమ్మా?”

“నువ్వు హాస్టల్‌కెళ్ళాక నీ గదిలోనే కదరా నేను కుట్టుకునేది. పెద్ద కిటికీ, వెలుతురు, గుడ్డ పరిచి కత్తిరించుకోడానికి చోటు. నువ్వొస్తున్నావని మిషను ఇటు లాక్కొచ్చా. బడి యూనిఫారాలన్నీ పేరుకుపోయాయి. ఎప్పుడెళ్తావని అడిగితే నొచ్చుకుంటావని నోరుమూసుకున్నా.”

కుట్టుకోవడం కోసం ఇంత కుట్రా అనుకున్నాడు మనవాడు. “అయితే నేనెళ్తే నీకు సంతోషమన్నమాట.”

“నువ్వొస్తే సంతోషంరా. వెళ్తే పనవుతుంది.”

“పోనీ, ఇంకో వారం ఉంటాలే,” అన్నాడు ఉక్రోషంగా.

“ఉండు, ఎవరొద్దన్నారు? పగలు మాత్రం గది నాది.”

భోజనాలయ్యాక తండ్రీకొడుకులు మిషనుకు చెరోవైపు పట్టుకుని గదిలోకి చేర్చారు. అమ్మ కిటికీ కింద స్థిరపడింది. కాసేపటికి మనవాడు తన గది గుమ్మంలో చుట్టంలా నిలబడి, “చొక్కాలు సర్దుకోవాలి, రావచ్చా?” అన్నాడు.

“చప్పుడు చెయ్యకు,” అంది, కుట్టు మీంచి కళ్ళెత్తకుండా.

మంచం మీది గుడ్డల గుట్ట పక్కకు నెట్టి కూర్చుని రూమ్మేటుకు ఫోను చేశాడు. “శనివారమే వస్తున్నాన్రా. ఇంట్లోవాళ్ళు వదల్లేక వదల్లేక వదిలారు.”

మిషను ఆగింది.

“ముందు ఆ గుడ్డ వదలరా,” అంది అమ్మ. “కాలు తియ్యి, తొక్కుతున్నావు.”