చుక్క తీసేసిన క్రియ

నిఘంటువు ఆఫీసులో అందరూ ఆమెను చీటీలమ్మ అనేవారు. పందొమ్మిదేళ్లుగా ఆమె పని చీటీలతోనే. ఒక్కో చీటీ మీద ఒక్కో పాత మాట, దాని పుట్టుక, దాని రూపాలు. లాటిన్‌కూ దాని తోబుట్టు భాషలకూ తల్లిలాంటి భాష ఒకటి ఉండేది. దాన్ని రాసిపెట్టిన వాళ్లెవరూ లేరు. పిల్లల ముఖాలు చూసి తల్లి పోలిక చెప్పినట్టు, ఆ భాష మాటల్ని తిరిగి కట్టుకోవాలి. అలా కట్టిన ప్రతి మాట ముందూ ఒక చుక్కగుర్తు (*) పెట్టాలి. ఇది మేం ఊహించిందే, రాతలో ఎక్కడా చూడలేదు అని ఆ చుక్కకు అర్థం.

ఆ ఏడు ఆమె వంతుకు వచ్చింది కక్కడం అనే క్రియ.

"మూణ్ణెల్లుగా ఏ మాట మీద కూర్చున్నావమ్మా?" అని అత్తగారు భోజనాల దగ్గర అడిగింది.

"కక్కడం, అత్తయ్యా."

"ముద్ద నోట్లో పెట్టుకున్నాకే చెప్పాలా!"

అర్థం ఎలాంటిదైనా ఆ క్రియ మీద ఆమెకు ముచ్చట కలిగింది. ఆ తల్లి భాషకంటే పాతదైన 'వెమ్' అనే వేరు నుంచే సంస్కృతం దారిన మన వమనం, వాంతి వచ్చాయి. వర్తమానకాలం ఇబ్బంది పెట్టలేదు. వెమో, కక్కుతున్నాను. వెమెస్, కక్కుతున్నావు. వెమెత్, కక్కుతున్నాడు. అక్కడి నుంచి వెమొంత్, కక్కుతున్నారు దాకా ఆరు రూపాలూ చుక్కలతో సహా కుదిరాయి. భూతకాలం దగ్గర మాత్రం బండి ఆగింది. లాటిన్‌లో ఉన్న రూపం తల్లి నుంచి వచ్చిందో, తర్వాత పుట్టిందో తేలలేదు. పట్టికలో ఆ గడులు ఖాళీగా వదిలేసింది.

ప్రధాన సంపాదకుడైన పెద్దసారు ఆ పట్టిక చీటీలు తిరగేశాడు. బొటనవేలు నాలుక మీద రాసుకుని చీటీ తిప్పడం ఆయన అలవాటు. తడి మీద తడి పడి చీటీల మూలలన్నీ మెత్తబడి పుల్లటి వాసన కొట్టేవి. ఆమె వాటిని రెండు వేళ్లతో పట్టుకునేది.

"ఈ ఖాళీలేంటి? పళ్లూడిన నోరులా ఉంది. నింపెయ్యి."

"ఆధారం లేదండి. ఈ రూపం కట్టడానికి మూడు దారులున్నాయి, ఏది సరైందో తెలీదు."

ఆయన పట్టికను తన సొరుగులో వేసుకున్నాడు. నెల తిరిగేసరికి అచ్చాఫీసు నుంచి ప్రూఫులు వచ్చాయి. భూతకాలం గడులన్నీ నిండి ఉన్నాయి. ఒక్కదానికీ చుక్క లేదు. అడుగున చిన్న అక్షరాల్లో, ఈ రూపాలు ఒక కుండపెంకు మీద ఉన్నాయనీ, వాటిని చదివింది ఫలానా ఆవిడ అనీ ఉంది. ఆ ఫలానా తానే. అలాంటి పెంకును ఆమె కలలో కూడా చూడలేదు.

ప్రూఫు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లింది.

"ఏ పెంకండీ ఇది?"

"చచ్చి రెండువేల ఏళ్లు దాటిన భాషమ్మా. ఆ కుండ గలవాడు లేచొచ్చి నిలదీస్తాడా?"

"మరి నా పేరెందుకు?"

"నీ మాటైతే నమ్ముతారు గనక." ఆయన పళ్ల సందులో ఇరుక్కున్నదేదో గోటితో తీసి, చూసుకుని, బల్ల అంచుకు రాశాడు. "రెండేళ్ల కిందట దున్నడం అనే క్రియకు చుక్క తీసేశాను. అప్పుడు నోరెత్తావా? ఇవాళ కొత్తగా పతివ్రతవయ్యావా?"

అది నిజం. ఆనాడు ఆమె చూసింది, ఎందుకొచ్చిన గొడవ అనుకుంది, పేజీ తిప్పేసింది. అంతవరకూ ఆయన మీదున్న రోత తన మీదికి కూడా పాకింది. ఆయన బల్లకు రాసినదాన్ని తనూ ముట్టుకున్నట్టే అనిపించింది.

ఇంటికొచ్చి గుమ్మంలోనే చతికిలబడితే, అత్తగారు సంగతంతా రాబట్టింది.

"ఇలా మింగలేక కక్కలేక ఎన్నాళ్లు తిరుగుతావు? చెప్పెయ్యి. ఆయనదీ, నీదీ కూడా. సగం చెబితే మళ్లీ ఆయన చేతికే చిక్కుతావు."

మర్నాడు ఆమె సంపాదకవర్గంలోని అయిదుగురికీ ఉత్తరం రాసింది. రెండు క్రియల సంగతీ, రెండేళ్ల తన మౌనమూ దాచలేదు. వాళ్లు సమావేశం పెట్టి పెంకు చూపించమన్నారు. సామాన్లు మార్చినప్పుడు పోయిందన్నాడు పెద్దసారు. కాసేపటికి, అసలు తెచ్చిందే ఈవిడ అన్నాడు. ఏ తేదీన తెచ్చిందని అడిగితే నీళ్లు నమిలాడు.

అచ్చుకు ముందే ఆ పేజీ మార్చారు. భూతకాలం గడులు ఖాళీ అయ్యాయి. పెద్దసారుకు ఒంట్లో బాగాలేదని చెప్పి మర్యాదగా సాగనంపారు. వీడ్కోలు సభలో ఇద్దరు లేచి ఆయన నిజాయితీని పొగిడారు. పెంకు చూపించమని అడిగినవాళ్లే ఆ ఇద్దరూ. ఆమె మధ్యలో లేచి వెళ్లి, సబ్బు అరిగేలా చేతులు కడుక్కుంది. మూడు రోజులకు ఆమెకు మందలింపు కాగితం వచ్చింది. తెలిసీ చెప్పనందుకు.

"ఆయనకు పొగడ్తలు, నీకు చీవాట్లా?" అత్తగారు మండిపడింది.

"నావి నాకు రావలసినవే అత్తయ్యా."

పాత సంపుటంలో దున్నడం ఉన్న పేజీకి దిద్దుబాటు కాగితం అంటించే పని కూడా ఆమెకే పడింది. గోదాములో నాలుగువందల ప్రతులు. మూడు రోజులు జిగురు డబ్బా పక్కన పెట్టుకుని అంటించింది. అమ్ముడైపోయిన ప్రతుల సంగతి అడిగితే, వాటినేం చేస్తాం, వదిలెయ్యండి అన్నారు. ఆమె వదల్లేదు. కొన్న గ్రంథాలయాల జాబితా తెప్పించుకుని, మొదటి కవరులో దిద్దుబాటు కాగితం పెట్టి, దాని మీద చిరునామా రాయడం మొదలుపెట్టింది.