పుల్లలు లేని ఇంజిన్

పప్పు ఉడికేలోపు ఇంజిన్‌కు వేసిన నల్లరంగు ఆరుతుందని యాదలక్ష్మి లెక్క. వంటగట్టు మీద ఒక పక్క కుక్కర్, ఇంకో పక్క చాయ్ సాసర్లో పది రూపాయల బిళ్ల కన్నా కాస్త పెద్దదైన యుద్ధవిమానం ఇంజిన్. సిద్దిపేట మొత్తంలో ఇలాంటి వంటగట్టు మరొకటి ఉండకపోవచ్చు. కొత్తిమీర కోసం వచ్చిన అత్తగారు ప్రమీలాదేవి ఆ సాసర్ వంక చూసి మూతి ముడిచింది.

"పసుపుడబ్బ పక్కన గీ రంగుడబ్బలేంది లక్ష్మీ? ఇల్లా, కార్ఖానానా?"

అదే విమానం తయారై హాల్లో అద్దాల బీరువాలోకి చేరాక మాత్రం, ఇంటికి వచ్చినవాళ్లను చేయి పట్టుకుని మరీ లాక్కెళ్లి చూపిస్తుంది. మా కొడుకు చేసిన విమానాలు, అంటుంది.

కొడుకు రమాకాంత్ బ్యాంకులో పని చేస్తాడు. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు కొలతతో, ముక్క ముక్క అతికి నమూనాలు కట్టడం అతని సరదా. పెళ్లైన కొత్తలో, "నీ వేళ్లు సన్నం, గీ ముక్క జర పట్టు," అన్నాడు. తర్వాత, "అద్దం నువ్వే అతుకు, నా చేతికి గమ్ము అంటుతది," అన్నాడు. ఆ తర్వాత రంగులు వచ్చిపడ్డాయి, ఆ వెనకే ఇంజిన్లు. ఇప్పుడు అతని వంతుకు మిగిలింది విడిముక్కల పెట్టె కొనడం, పోటీకి తీసుకెళ్లడం, కార్డు మీద పేరు రాసుకోవడం. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

అలాగని ఎవరో మెడ మీద కత్తి పెడితే చేసే పని కాదు అది. గజ్వేల్ బడిలో లెక్కలు చెప్పి, బస్సులో నిలబడి వచ్చి, వంట ముగించి కూర్చునే ఆ కాసేపే ఆమెకు ప్రాణం. పాత చార్జర్ తీగ చీల్చి వెంట్రుకంత రాగి పోగులు తీసి, వేళ్లకు ఊదుబత్తి బూడిద రాసుకుని, ఒక్కో సిలిండర్‌కు తీగ మెలిపెడుతుంటే ఇల్లూ బడీ రెండూ గుర్తుండవు. బూడిద విద్య దుబ్బాకలో అవ్వ, ఆమె కన్నతల్లి, నేర్పింది. మగ్గం మీద పాత పోగు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగులను ఒక్కొక్కటిగా పాతవాటికి మెలిపెట్టి అతకాలి. వేళ్లు జారకుండా బూడిద. అవ్వ నర్సమ్మ ఆ అతుకులన్నీ అతికింది, బతుకంతా నూలు కండెలు చుట్టింది. చేనేత సంఘం వాళ్లొచ్చి అడిగితే బాపు ఏమనేవాడు? "నేసేది నేనే. మా ఆమె ఉత్తగ సాయం జేస్తది." అవ్వ లోపలి నుంచి వింటూనే ఉండేది. రాట్నం మాత్రం ఆపేది కాదు.

ఈసారి కడుతున్నది టెంపెస్ట్, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కశ్మీర్ మీద ఎగిరిన మన విమానం. పెట్టెలో వచ్చిన ఇంజిన్ అప్పచ్చిలా చదునుగా ఉంది. అలాంటప్పుడు వేరేవాళ్లు రెసిన్‌తో విడిగా పోతపోసి అమ్మే ఇంజిన్ తెప్పించుకోవాలి. రమాకాంత్ ఫోన్లో ఒకటి చూపించాడు. రెండు వరుసల్లో పద్దెనిమిది సిలిండర్లు, ముచ్చటగానే ఉంది.

"గిది అమెరికా విమానాలది," అంది యాదలక్ష్మి. "ముందట సన్న పుల్లలు చూడు. కవాటాలు తెరిచేటియి గవే. టెంపెస్ట్ ఇంజిన్‌ల సిలిండర్ లోపల తొడుగే తిరిగి కవాటం పని జేస్తది. బయట పుల్లలుండయి."

"పద్దెనిమిదికి పద్దెనిమిది సరిపోయినయ్ గద. పుల్లలు జూసేటోడు ఎవడు? మీదికెళ్లి మూత వెడ్తం."

"మూత వెడ్తే లోపలి తప్పు ఒప్పయితదా?"

"బడి లెక్కలు బడిల్నే వెట్టుకో. గంత పట్టింపుంటే నీది నువ్వే తెప్పించుకో."

అన్నాడు కదా అని తెప్పించుకుంది. రెండూ వచ్చాయి. అతనిది మూతలో వదులుగా గలగలలాడింది. ఆమెది కొలిచినట్టు కూర్చుంది. రమాకాంత్ రెండింటినీ చూసి టీవీ పెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె రొట్టెలు కాలుస్తుంటే హాల్లో అతని ఫోన్ మోగింది. మర్నాడు హైదరాబాద్‌లో ప్రదర్శన. అక్కడి నమూనాల క్లబ్బు పెద్ద జోసెఫ్ గొంతు స్పీకర్లోంచి వంటింటి దాకా వినిపిస్తోంది.

"రమాకాంత్ భాయ్, టెంపెస్ట్‌కు పుల్లల ఇంజిన్ వెట్టలే గద? అందరు గీడనే బోల్త పడ్తరు."

"అరె, నాకు తెల్వదా భాయ్? గది తొడుగుల ఇంజిన్. పుల్లలే ఉండయి. ఎన్నో జూసి తెప్పించిన."

"మస్తు. ఒక్కనివే చేస్తవా గంత పని?"

"మా ఆమె జర సాయం జేస్తది. రంగులు గింగులు."

పెనం మీద రొట్టె మాడింది. మాడనిచ్చింది. మొన్న ఎగతాళి చేసిన మాటనే ఇవాళ తన తెలివిగా అమ్ముకున్నాడు. దానికే కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ అంతకన్నా గట్టిగా తగిలింది ఆ చివరి మాట, సాయం. బాపు గొంతులో విన్న మాట, అదే తేలిక, అదే ప్రేమ కూడా. రాట్నం ఆపి అవ్వ ఒక్కసారి గుమ్మంలోకి వచ్చి ఉంటే! అవ్వ మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

రమాకాంత్ లోపలికొచ్చి, "నీ ఇంజినే వెట్టు. మూత గట్టిగ అతికెయ్, తొవ్వల ఊడద్దు. కార్డు నేన్ రాస్త," అన్నాడు.

ఆమె మాడిన రొట్టె తీసి పక్కన పెట్టింది.

ఆదివారం పొద్దున అతను స్నానం చేసి వచ్చేసరికి యాదలక్ష్మి దుబ్బాక చీర కట్టుకుని, తల దువ్వుకుని సిద్ధంగా ఉంది.

"నువ్వేడికి? వంటెవరు జేస్తరు?" అంది ప్రమీలాదేవి.

"గియ్యాల మీరే చూసుకోండ్రి అత్తమ్మా."

బల్ల మీది పెట్టెలో టెంపెస్ట్ ఉంది. ముక్కు తెరిచే ఉంది. పద్దెనిమిది సిలిండర్లు, వాటి రాగి తీగలు సహా, వెలుతురులో ఉన్నాయి. మూత పక్కనే దూది మీద విడిగా పడుకుని ఉంది. ముందు కార్డు. రమాకాంత్ వంగి చదివాడు.

తయారీ: యాదలక్ష్మి. సాయం: రమాకాంత్.

"గిదేంది? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"సాయం అంటే ఇజ్జత్ పోతదా? ఇన్నేండ్ల సంది నాకు గా పేరే వెడ్తున్నవ్ గద."

అతను తల్లి వంక చూశాడు. ఆమె కార్డు వంకే చూస్తోంది. యాదలక్ష్మి పెట్టెకు ఒక పక్క చేతులు వేసి, రెండో పక్క కళ్లతో చూపించింది.

"నిలవడ్డవేంది? రా, జర సాయం పట్టు."