అద్దంలో గుర్రు

ఆ ఇంట్లో కింద ఫ్రేముల దుకాణం, పైన పెద్దావిడా కొడుకూ కోడలూ కాపరం. పొద్దున్నే కొడుకు కాఫీ తాగి చెక్కమెట్లు దిగి, బల్ల మీద పాత కంబళి పరిచి, దాని మీద అద్దం పడుకోబెట్టి, స్కేలు ఆనించి కట్టర్‌తో గీత లాగుతాడు. ఆ కాసేపూ ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. పైన గిన్నె జారినా, తలుపు దభాలున పడినా చెయ్యి అదురుతుంది. గీత వంకరపోతే ఆ అద్దం ఇక దేనికీ పనికిరాదు. అందుకని గీత మొదలుపెట్టే ముందు "అద్దం!" అంటాడు. అంటే అందరూ నోళ్ళు మూసుకోండని.

పెద్దావిడ భర్త బల్ల దగ్గర నిలబడ్డ రోజుల్నించీ వస్తున్న మాట అది. పోనుపోను అన్నిటికీ అదే మాటయింది. రేడియో గట్టిగా పాడితే "అద్దం". పెద్దావిడకి ఎక్కిళ్ళొస్తే "అద్దం, అమ్మా". కోడలికి కబుర్లంటే ప్రాణం. కాపరానికొచ్చిన కొత్తల్లో, తన తమ్ముడు మేకని మేడ ఎక్కించిన సంగతి ఎన్నిసార్లు మొదలుపెట్టిందో లెక్కలేదు. మేక మేడ ఎక్కేసరికి ఆ పిల్ల గొంతు కూడా మేడ ఎక్కేది. "అద్దం" అని కిందనుంచి వినపడేది. మేక అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్ళకి కోడలు ఆ ఊసే మానేసింది.

పెద్దావిడ మటుకు దేవుడితో కూడా లోపల్లోపలే మాట్లాడుకునేది. ఆయన చెవులు మనవాటికన్నా బాగా పనిచేస్తాయని ఆవిడ నమ్మకం.

ఆ ఇంట్లో నాలుగో ప్రాణం బొగ్గు. చెక్కపొట్టు పెట్టెలో పడుకోబెట్టి, సీసాతో పాలు పట్టి పెద్దావిడ పెంచిన నల్లకుక్క. పగలంతా బల్ల కింద పొట్టులో ముడుచుకుని పడుకునేది. వచ్చినవాళ్ళ చెప్పులు వాసన చూసి, నచ్చితే తోక ఊపేది, నచ్చకపోతే కళ్ళు మూసుకునేది. అంతకుమించి ఎవరి జోలికీ పోయేది కాదు.

అలాంటిది, వానలు వెనకపట్టాక, ముట్టుకోబోతే గుర్రుమనడం మొదలుపెట్టింది. మొదట కోడలు దాని పక్కగుడ్డ దులపబోతే గుర్రుమంది. తర్వాత కొడుకు దాని మెడపట్టీ సరిచెయ్యబోతే.

"అద్దం!" అని ముక్కు మీద ఒక్కటి వేశాడు కొడుకు.

"అద్దం! ఎవరి తిండి తిని ఎవరి మీద గుర్రుమంటావే?" అంది కోడలు.

"అద్దం తల్లీ, తప్పు కదూ," అంది పెద్దావిడ. ఆవిడ వేలు ఆడించిందే గాని కొట్టలేదు. అయినా బొగ్గుకి ఆవిడ మాటే ఎక్కువ గుచ్చుకుంది. తల దించుకుని పొట్టులోకి పోయింది.

మంచి ఇంటి కుక్క కదా, చప్పునే నేర్చుకుంది. గుర్రుమనడం మానేసింది. "చూశావా అమ్మా, చెప్పే తీరులో చెబితే ఎవరైనా వింటారు," అన్నాడు కొడుకు, ఎదురుగా ఉన్న కోడలి మీంచి చూపు దాటించి.

గుర్రు కుక్కలోంచి పోయింది గాని, ఇంట్లోంచి పోలేదు. గోడకి వరసగా ఆనించిన అద్దాల్లో చేరింది. బొగ్గు దగ్గరికి ఎవరైనా వంగితే, వెనకాల అద్దం సన్నగా వణికి గుర్రుమనేది. దుమ్ము ఎక్కడికి పోతుంది, మూలకి చేరుతుంది; ఇదీ అంతేలే అనుకున్నారు. అద్దం మీద వేలి కణుపుతో కొట్టి "అద్దం" అంటే అదీ ఊరుకునేది. అలవాటయిపోయింది.

ఒకసారి వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు. అంతకుముందే వాళ్ళ మామగారి ఫొటోకి అద్దం వేయించుకుని వెళ్ళినాయన.

"మీరు వేసిన అద్దం గుర్రుమంటోందండీ," అన్నాడు.

"అయ్యో, మా బొగ్గుదండీ అది. ఇలా తెండి, మార్చేస్తాను," అన్నాడు కొడుకు.

"ఉండనివ్వండి. బతికున్నప్పుడూ నన్ను చూస్తే అంతే. మా ఆవిడకి వాళ్ళ నాన్న ఇంట్లో తిరుగుతున్నట్టే ఉందట."

అలా రోజులు గడుస్తుండగా, ఒకనాటి మధ్యాహ్నం పెద్దావిడ తడిగుడ్డ పట్టుకుని బొగ్గు పక్కన కూచుంది. దాని ఒళ్ళంతా తుడిచి, ఎడమచెవి దగ్గరికి వచ్చింది. వెనక ఒక్క అద్దం కాదు, గోడ పొడుగునా ఉన్న వరసంతా గుర్రుమంది. ఆవిడ తల తిప్పకుండానే, చెయ్యి వెనక్కి చాచి, టకటకా కొట్టి, "అద్దం, అద్దం," అంది. వరస సద్దుమణిగింది. ఆవిడ చెవి పట్టుకుంది.

బొగ్గు కిక్కురుమనకుండా తిరిగి చెయ్యి పట్టేసింది.

బొటనవేలి కింద పళ్ళు దిగాయి. పెద్దావిడ అరవలేదు. ఆ ఇంట్లో అన్నేళ్ళున్న మనిషికి అరుపు అంత సులువుగా రాదు. నెత్తురు చూసి కోడలే చేతిలో పని పడేసి పరుగెత్తుకొచ్చింది. కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగించి, ఆసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు కట్టించి, సూది వేయించి తీసుకొచ్చింది.

వచ్చేసరికి బొగ్గు పెరట్లో గొలుసుతో ఉంది. పక్క దుకాణం రంగులాయన గోడ మీంచి సలహా పారేస్తున్నాడు: "నాలుగు తగిలించండి మాస్టారూ, జన్మలో నోరెత్తదు!"

"నోరెత్తకుండానే కదండీ కరిచింది," అన్నాడు కొడుకు. అతని మొహం తెల్లగా పాలిపోయి ఉంది. తల్లి కట్టు చూసి ఇంకా పాలిపోయింది. "రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మళ్ళీ లేవకుండా నిద్రపుచ్చే సూది వేయించేస్తానమ్మా."

"ఒరే నాన్నా!"

"ఏ కుక్కకైనా కోపమొస్తే గుర్రుమంటుంది, మనం జాగ్రత్తపడతాం. ఇది చెప్పాపెట్టకుండా కరుస్తోంది. దుకాణానికి చంటిపిల్లల్ని ఎత్తుకుని వస్తారు జనం. రేపు ఏ పసివాడి మొహమో అయితే? నాకు మాత్రం దాని మీద కక్షా?" అని బల్ల దగ్గరికి వెళ్ళి ఊరికే స్కేలు తుడిచాడు.

కొడుకు మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. మర్నాడు పొద్దున్న పెద్దావిడ దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే దండకం నోటికి రాలేదు, "చెప్పాపెట్టకుండా" అన్న మాటే వచ్చింది. చెప్పాపెట్టకుండా. ఆవిడ కళ్ళు తెరిచి కట్టు ఉన్న చేతిని చూసుకుంది. రెండో చేతి వేలి కణుపులు చూసుకుంది. అద్దాన్ని టకటకా కొట్టినవి అవే.

"అమ్మాయ్," అని పిలిచింది కోడల్ని. "బొగ్గుని గొలుసుతోనే ఇలా బల్ల దగ్గరికి తీసుకురా. నువ్వు అటు నిలబడు. నాన్నా, నువ్వు ఆ అద్దాల దగ్గర ఉండు. ఎవరూ ఏమీ అనకండి. ఆ మాట అసలే అనకండి."

"మళ్ళీ దాని దగ్గరికా అత్తయ్యా?"

"ముట్టుకోనులే."

ఆవిడ దూరంగా పీట మీద కూచుని చెయ్యి చాచింది. నడుము వైపు చాపితే అద్దాలు ఊరుకున్నాయి. తోక వైపు చాపినా అంతే. కుడిచెవి వైపు చాపితే ఊరుకోవడమే కాదు, బొగ్గు తల కొంచెం వాల్చింది. ఎడమచెవి వైపు చెయ్యి మళ్ళిందో లేదో, వరసంతా గుర్రుమంది. కొడుకు ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ కొట్టడానికి చెయ్యెత్తాడు.

"వద్దురా! విను."

పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అద్దాలు ఆగిపోయాయి. మళ్ళీ అటు చాపింది. మళ్ళీ గుర్రు. వెనక్కి తీసుకుంది. నిశ్శబ్దం. బొగ్గు మటుకు నోరు మూసుకుని ఆవిడ కళ్ళలోకే చూస్తోంది, పాఠం అప్పజెప్పలేని పిల్లలా.

"నిన్న కూడా చెప్పిందిరా," అంది పెద్దావిడ. "గోడంత గొంతు పెట్టుకుని చెప్పింది. నేనే నోరు మూయించి, ఆ నొప్పినే పట్టుకున్నాను."

కొడుకు ఎత్తిన చెయ్యి దించేశాడు. తర్వాత గొలుసు తీసుకున్నాడు. "డాక్టరు దగ్గరికే వెళ్దాం. చెవి చూపిద్దాం."

బొగ్గు మాట అక్కడా వినపడాలని, ఆ వరసలోంచి ఒక చిన్న అద్దం ముక్క తీసి, అంచులు అరగదీసి, గుడ్డలో చుట్టి, పెద్దావిడ చంకలో పెట్టుకుంది. పశువుల డాక్టరు దాన్ని చూసి, "తెచ్చారా, మంచి పని చేశారు. ఇలా బల్ల మీద పెట్టండి," అన్నాడు. బొగ్గు మూతికి గుడ్డ కట్టి, అద్దం గుర్రుమన్నప్పుడల్లా చెయ్యి ఆపుతూ, మత్తిచ్చాక చెవి లోపల దీపం వేసి చూశాడు. పట్టకారుతో లాగితే గడ్డిగింజ ఒకటి వచ్చింది. ములికిలా ఉంది. చుట్టూ చీము పట్టింది.

"వానల్నించీ ఉండుంటుంది. ఇంత నొప్పి పెట్టుకుని నోటితో ఒక్కసారైనా గుర్రుమనలేదా ఇది?"

"అంది బాబూ," అంది పెద్దావిడ. "మేం అననివ్వలేదు."

డాక్టరు చెవిలో వేసే చుక్కలిచ్చాడు. పిల్లలొచ్చినప్పుడు పెరట్లో కట్టేయమన్నాడు, మళ్ళీ గుర్రుమంటే సంతోషించమన్నాడు.

చెవి మానింది గాని గొంతు వెంటనే రాలేదు. అలవాటైన మాట మానడానికి ఇంట్లోవాళ్ళకీ టైం పట్టింది. కొడుకు నోట్లో "అద్" వరకూ వచ్చి దగ్గు కింద మారేది. గీత లాగే ముందు మాటేమీ అనకుండా, తలుపు మీద ఒక ఎర్రగుడ్డ వేలాడదీసేవాడు.

ఒకరోజు గడియారాలాయన ఇంకో ఫొటో పట్టుకొచ్చాడు. ఎర్రగుడ్డ చూడలేదు. "ఏమే బొగ్గూ, బాగయిందా నీ చెవి?" అంటూ తిన్నగా వంగి ఆ చెవి మీదికే చెయ్యి పెట్టబోయాడు.

గుర్రుమంది. అద్దాలు కాదు, బొగ్గే. బొంగురుగా, చాన్నాళ్ళు వాడని తలుపులా.

"ఆగండి!" అని పెద్దావిడ మెట్ల మీంచి అరిచింది. ఆ గొంతు ఆవిడదని ఆవిడకే తెలియలేదు. గడియారాలాయన బిగుసుకుపోయి, మెల్లిగా చెయ్యి లాక్కున్నాడు. బొగ్గు కూడా అంతటితో ఊరుకుంది. బల్ల దగ్గర కొడుకు చెయ్యి అదిరి, గీత ఈ చివర్నించి ఆ చివరికి వంకరపోయింది. అతను దాన్ని చూశాడు, నోరు తెరిచాడు, మూసుకున్నాడు. కంబళి మీంచి ఆ అద్దం తీసి పక్కన పెట్టాడు.

"విన్నాం తల్లీ, విన్నాం," అంది పెద్దావిడ, మెట్లు దిగుతూ.

"అయితే మా మామగారు ఇక మాట్లాడరన్నమాట," అన్నాడు గడియారాలాయన దిగులుగా. "మా ఆవిడకి ఎలా చెప్పను?"

ముందు కోడలే నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. గోడ పొడుగునా అద్దాలు అద్దాల్లాగే నిలబడ్డాయి. ఆ నవ్వులో నవ్వుగా కోడలు, "మా తమ్ముడు ఒకసారి మేకని మేడెక్కించాడండీ," అని మొదలుపెట్టింది. మేక మేడ ఎక్కింది. కోడలి గొంతూ ఎక్కింది. కొడుకు కట్టర్ కింద పెట్టి, పీట లాక్కుని కూచున్నాడు.

మేక ఎలా దిగిందో ఆ ఇంట్లో ఆ రోజే తెలిసింది.