గువ్వకి భయం వెయ్యని మోత

కట్టుడు పళ్లు తయారుచేసే చోట పని చేసేది కాబట్టి వీధిలో అందరూ ఆమెను పళ్లావిడ అనేవారు. భర్త లిఫ్టులు బాగు చేస్తాడు. పిల్లలు పుడతారని ఎదురుచూసి చూసి, ఇక ఆ ముచ్చట తీరదని తెలిశాక, దిక్కులేని పిల్లల్ని కొంతకాలం సాకి పంపుతామని ఇద్దరూ సంక్షేమ శాఖ వాళ్లకి మాటిచ్చారు. అలా వచ్చింది గువ్వ.

గువ్వ అసలు పేరు కాదు. వచ్చిన రోజున సోఫా మూలన రెక్కలు ముడుచుకున్నట్టు కూర్చుంటే లిఫ్టాయన పెట్టిన పేరు. ఐదేళ్లది. తల్లి లేదు. పెంచుతున్న అమ్మమ్మ తుంటి విరిగి మంచాన పడింది.

"ఆవిడ లేచి తిరిగేదాకానే," అని ఆ శాఖ అధికారిణి ముందే చెప్పింది. "అమ్మా నాన్నా అని పిలిపించుకోకండి. అత్తా మామా చాలు. లేకపోతే తర్వాత మీకే కష్టం."

"అలాగేనండి," అన్నారిద్దరూ. నరం లేని నాలుక, ఏమైనా అంటుంది.

గువ్వకి ఉబ్బసం. నిద్రలో దాని ఛాతీ పిల్లనగ్రోవిలా కూసేది. అద్దె ఇంట్లో గోడ నుంచి గోడ దాకా తివాచీ అతికించి ఉంది. దాన్ని పీకడానికి ఇంటి యజమాని ఒప్పుకోలేదు. "ముందు చీపురు మానెయ్యండి, అది దుమ్ముని తియ్యదు, లేపుతుంది. మంచి ఫిల్టరున్న వాక్యూమ్ క్లీనరు కొనుక్కోండి," అన్నాడు డాక్టరు.

పక్కింటివాళ్ల దగ్గర ఒకటుంటే అడిగి తెచ్చారు. నిలువుగా, మనిషి నడుమెత్తున ఉండే పాత రకం. స్విచ్ వేయగానే అది ఒక్క అరుపు అరిచింది. గువ్వ పరుగెత్తి స్నానాలగది తలుపు వెనక దాక్కుంది. చెవులు మూసుకుంది, ఊపిరి అందక ఎగపోస్తోంది. పళ్లావిడ దాన్ని ఒళ్లో వేసుకుని, మందు పీల్పించి, వీపు నిమిరింది.

"అది నన్ను తినేస్తుందా అత్తా?"

"దుమ్ముని తింటుందే పిచ్చిదానా. నిన్నెందుకు తింటుంది?"

"దానికి తెలుస్తుందా మరి, ఏది దుమ్మో ఏది నేనో?"

మర్నాడు భార్యాభర్తలిద్దరూ గువ్వని వెంటబెట్టుకుని దుకాణానికి బయల్దేరారు.

"పులిని కొనడానికి మేకపిల్లని తీసుకెళ్తున్నాం," అన్నాడు లిఫ్టాయన.

"మేకపిల్ల ఒప్పుకున్న పులినే కొందాం," అంది ఆమె.

దుకాణంలో కుర్చీ మీంచి లేచి వచ్చిన మనిషి గడకర్రలా సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఖరీదైన నిలువు మిషన్లు రెండు మూడు వేసి చూపించాడు. వేసిన ప్రతిసారీ గువ్వ మామ కాలికి చుట్టుకుపోయింది. సంగతి చెబితే అతను తల గోక్కుని, లోపల్నుంచి చక్రాల మీద నడిచే ఒక ఆకుపచ్చ డబ్బాని లాక్కొచ్చాడు. డబ్బాకి పొడుగాటి గొట్టం, గొట్టం చివర బల్లపరుపు బ్రష్షు.

"ఇందులో యంత్రం వేరు, గొట్టం వేరు పాపా. గొట్టం మన చేతిలో ఉంటుంది. ఇది వెనకాలే వస్తుంది."

గువ్వ మామ కాలు వదల్లేదు గానీ మెడ సాచింది. "దీని నోరేది?"

అతను బ్రష్షు చూపించాడు.

"మరి అరిచేది?"

డబ్బా చూపించాడు.

గువ్వ కాసేపు లెక్క సరిచూసుకుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. "అరిచేది వెనకాలుంటుంది. తినేది అరవదు. అయితే పర్లేదు."

స్విచ్ వేసినా అది గర్జించలేదు. కుండలో నీళ్లు మరుగుతున్నట్టు గుయ్యిమంది. గువ్వ చెవుల మీద చేతులు పెట్టుకుని, ఒక వేలు ఎత్తి చూసి, తర్వాత రెండు చేతులూ దించేసింది.

సంచీ లేని రకం కూడా ఉంది. అద్దంలాంటి గిన్నెలో దుమ్ము గిర్రున తిరగడం కనబడుతుంది. లిఫ్టాయనకి అది తెగ నచ్చింది. కానీ దుకాణం మనిషే వారించాడు. "ఆ గిన్నె ఖాళీ చేసేటప్పుడు దుమ్మంతా మళ్లీ మొహానికే కొడుతుంది సార్. ఉబ్బసం ఉన్న ఇంటికి సంచీదే మంచిది. నిండితే మూతి మూసి పారేయడమే."

పళ్లావిడ గొట్టం పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. డబ్బా గడప దగ్గర తడబడి, ఎక్కి, వెనకాలే వచ్చింది. "ఇదే," అంది.

ఆ రోజునుంచి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. పళ్ల అచ్చుల ప్లాస్టర్ దుమ్ము అంటిన బట్టలు పనిచోటే మార్చుకుని వచ్చేది పళ్లావిడ. సాయంత్రం ఆమె గొట్టం పట్టుకుంటే గువ్వ డబ్బా మీద కూర్చుని ఊరేగేది. పని అయ్యాక మీట తొక్కే ఉద్యోగం గువ్వదే. తొక్కగానే కరెంటు తీగ సర్రున లోపలికి దూరిపోతే పకపకా నవ్వేది. కొన్ని వారాలకి ఛాతీలో కూత తగ్గింది. నవ్వితే దగ్గు వచ్చే పిల్ల, నవ్వితే ఇంకా నవ్వొచ్చే పిల్లయింది.

అలాంటి రోజుల్లో అధికారిణి ఫోన్ చేసింది. అమ్మమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందట. ఆవిడ ఇల్లు చూసి నిర్ణయం తీసుకోవాలి, పాప ఆరోగ్యం తెలిసినవాళ్లు కాబట్టి మీరూ రండి అంది.

పళ్లావిడ ఒక్కతే వెళ్లింది. ఇరుకు మెట్లు, పై అంతస్తు. గదినిండా మందపాటి పాత తివాచీలు, బరువైన తెరలు. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము తేలుతూ కనిపించింది. అది చూడగానే ఆమెకి కడుపులో పాలు పోసినట్టయింది. ఆ వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది.

"మీరు చెప్పండి," అంది అధికారిణి. "ఇక్కడ పాపకి ఊపిరి ఆడుతుందా?"

ముసలావిడ కర్రమీద రెండు చేతులూ ఆనించి ఆమెనే చూస్తోంది. "దులుపుదామంటే వంగలేకపోతున్నానమ్మా," అంది, నేరం ఒప్పుకుంటున్నట్టు.

ఒక్క మాట చాలు. ఊపిరి ఆడదు అంటే చాలు. అబద్ధం కూడా కాదు. పళ్లావిడ గోడనున్న ఫొటో వైపు చూసింది. అందులో గువ్వ తల్లి, గువ్వలాగే ఒక వైపు తల వాల్చి నవ్వుతోంది.

"మా మిషను ఇక్కడుంటే ఆడుతుందండి," అంది. "దానికి వంగక్కర్లేదు. తెచ్చిస్తాం."

ఇంటికొచ్చి ఆ సంగతి లిఫ్టాయనకి చెప్పింది. "ఒక్క ముక్క అటూ ఇటూగా అని ఉంటే," అన్నాడతను.

"ఆ ముసలావిడ ఉసురు మనకి తగిలేది."

"ఆవిడ ఉసురు సరే. నీ ఉసురు ఎవరికి తగలాలి?"

ఆమె గువ్వ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

పంపే రోజున మిషన్ని భుజాన వేసుకుని మెట్లెక్కింది అతనే. సంచీ ఎలా మార్చాలో, గొట్టంలో ఏదైనా ఇరుక్కుంటే ఎలా తియ్యాలో పళ్లావిడ ముసలావిడకి నేర్పింది. అంతా విన్నాక ముసలావిడ గొంతు తగ్గించి, "మొన్న నువ్వొచ్చినప్పుడు నా పిల్లని లాక్కోడానికి వచ్చావనుకున్నానమ్మాయ్," అంది.

"అందుకే వచ్చానండి," అంది పళ్లావిడ.

ముసలావిడ కర్ర గోడకి ఆనించి, ఆమె తల నిమిరింది.

మిషన్ని అవతలి గదిలోకి లాక్కెళ్లి గువ్వ తీగ లాగి, మీట తొక్కి, మళ్లీ లాగుతోంది. బయల్దేరుతున్నామంటే తలెత్తి, "రేపు వస్తావుగా అత్తా?" అంది.

పిల్ల కుదురుకునేదాకా కొన్నాళ్లు రావద్దని అధికారిణి చెప్పింది.

"అన్నం సరిగ్గా తిను. మందు మర్చిపోకు," అంది పళ్లావిడ. గువ్వ సరేనని తలూపి మళ్లీ మీట తొక్కింది. మెట్లు దిగుతుంటే లిఫ్టాయన మధ్యలో ఆగి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె కింది మెట్టు మీద కాచుకుంది.

చలి మొదలయ్యాక ముసలావిడ ఫోన్ చేసింది. పిల్లకి బాగుందట, బళ్లో స్నేహితులు కలిశారట. మొదట్లో అత్తా అత్తా అని కలవరించింది గానీ ఇప్పుడు మానేసిందట. అది మంచి కబురనుకునే చెప్పింది పాపం. ఎర్ర స్వెట్టరు మీ దగ్గరేమైనా ఉండిపోయిందా అని అడిగింది.

ఉంది. పళ్లావిడ దిండు కింద ఉంది. ఉతకలేదు. ఆ సాయంత్రం ఉతికి, ఆరేసి, మడత పెట్టింది. స్వయంగా తీసుకెళ్తే వట్టి చేతులతో తిరిగి రాగలనన్న నమ్మకం లేక పోస్టాఫీసుకి వెళ్లింది. లిఫ్టాయన బయట నిలబడ్డాడు.

"లోపలేముందమ్మా?" అన్నాడు గుమాస్తా పొట్లాం తూస్తూ.

"చిన్నపిల్ల స్వెట్టరండి."

"మీ పాపదా?"

"కాదండి," అందామె. ఎక్కడా తడబడలేదు. రసీదు తీసుకుంది, చిల్లర తీసుకుంది, వెనకున్న వాళ్లకి దారిచ్చింది. బయటికొచ్చి భర్త మొహం చూసేదాకా బాగానే ఉంది.